చిన్న కాలేజీలో 19 పాయింట్లు కొట్టే గార్డ్ ఎన్‌బీఏలో నిలబడతాడా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు ఎంఎస్ చేస్తున్న యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో సెకండియర్ పాయింట్ గార్డ్ (దాడిని నడిపించే ఆటగాడు) ఒకడున్నాడు. వయసు ఇరవై. జట్టు జాబితాలో ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. ఆటకు సగటున 19.4 పాయింట్లు, 4.8 అసిస్టులు (బుట్టలో పడ్డ షాట్‌కి దారితీసిన పాస్‌లు), 3.3 టర్నోవర్లు (ఎదుటి జట్టుకి పోగొట్టుకున్న బంతులు). త్రీ పాయింటర్లు (దూరపు గీత వెనకనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 38 శాతం, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయ్యాక అడ్డం లేకుండా వేసే షాట్లు) 86 శాతం. మీ రూమ్మేట్లలో సగం మంది "ఎన్‌బీఏ స్టార్ స్టెఫ్ కర్రీదీ చిన్న కాలేజీయే, ఇతను ఈ ఏడే డ్రాఫ్ట్‌కి వెళ్లాలి" అంటున్నారు (డ్రాఫ్ట్ అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని జట్లు కొత్త ఆటగాళ్లను రెండు రౌండ్లలో వరసగా ఎంచుకోవడం). మిగతా సగం "ఈ కాన్ఫరెన్స్‌లో ఎవడైనా కొడతాడు" అంటున్నారు (కాన్ఫరెన్స్ అంటే ఒకదానితో ఒకటి ఆడుకునే కాలేజీల గుంపు). ఎవరి మాట నిజం?

జవాబు ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో అతని పేరు పిలిచే అవకాశం చాలా తక్కువ. ఎన్‌బీఏలో నాలుగైదేళ్లు నిలబడే అవకాశం, మీరిచ్చిన వివరాలను బట్టి, పదిలో ఒకటి అనుకోండి. బాస్కెట్‌బాల్ ఆడి హాయిగా బతకగలడా అంటే, దెబ్బలు తగలకపోతే, దాదాపు ఖాయం. డ్రాఫ్ట్‌కి పేరు ఇచ్చి చూడొచ్చు. కాలేజీ మాత్రం ఇప్పుడే వదలకూడదు.

నేను అతని ఆట చూడలేదు. మీరిచ్చిన అంకెలే నా దగ్గరున్నవి. పన్నెండేళ్లుగా ఇదే నా పని: మొదటి నాలుగేళ్లు ఒక కాలేజీ జట్టు వీడియో గదిలో ఆటలను ముక్కలు ముక్కలుగా కోసి కోచ్‌లకు ఇచ్చేవాణ్ని, ఆ తర్వాత నుంచి గార్డుల మీద రిపోర్టులు రాస్తున్నాను. ఇండియాలో మా బంధువులకు ఇప్పటికీ ఇదొక ఉద్యోగమని నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లలో తప్పులు బాగానే చేశాను. వాటిలో రెండు కింద చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అవే బాగా పనికొస్తాయి.

ముందు పాయింట్ల సంగతి. మీ కుర్రాడి 19.4 అబద్ధం కాదు. కాకపోతే ఆ అంకె అతని ఆట గురించి చెప్పేదానికంటే అతనికి జట్టులో ఇచ్చిన పని గురించి ఎక్కువ చెబుతుంది. బంతి అతని చేతిలోనే ఉంటుంది. దాడి అతనే మొదలుపెడతాడు. షాట్ వేయడానికి ఇచ్చే గడువు (షాట్ క్లాక్) అయిపోతుంటే బంతి తిరిగి అతని దగ్గరికే వస్తుంది. పిచ్చి షాట్ వేసినా కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టడు, కూర్చోబెడితే ఆడేవాడు లేడు. ఎన్‌బీఏలో ఇలాంటి ఉద్యోగాలు ముప్పై జట్లకూ కలిపి ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. వాటిలో ఉన్నవాళ్లు లూకా డాంచిచ్, షే గిల్జస్-అలెగ్జాండర్ లాంటి స్టార్లు. రెండో రౌండ్‌లో వచ్చిన కుర్రాడి కోసం వాళ్లు పక్కకి జరగరు.

కాబట్టి ఏ కాలేజీ గార్డ్ గురించైనా నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒకటే. బంతి ఇతని చేతిలోంచి తీసేస్తే ఇతను కోర్టులో ఎందుకుండాలి? కార్నర్‌లో (కోర్టు మూలలో) నిలబడి వచ్చిన బంతిని వచ్చినట్టు కొట్టగలడా? ఎదుటి గార్డును అంటిపెట్టుకుని విసిగించగలడా? కాలేజీలో చేసే పనే ఎన్‌బీఏలోనూ దొరికేవాళ్లు ఏటా ముగ్గురో నలుగురో. మిగిలినవాళ్లు వేరే పని చేసి బతకాలి.

దీనికి నాకు తెలిసిన మంచి పాఠం 2011 డ్రాఫ్ట్. ఆ రాత్రి శాక్రమెంటో కింగ్స్‌కి ఇద్దరు గార్డులు దక్కారు. ఒకరు జిమ్మర్ ఫ్రెడెట్. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ఆఖరి ఏడాది ఆటకు 28.9 పాయింట్లు, దేశంలో మొదటి స్థానం, ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డులు. 10వ స్థానంలో మిల్వాకీ తీసుకుని ట్రేడ్‌లో శాక్రమెంటోకి ఇచ్చింది. అతని వెంటనే 11వ స్థానంలో పిలిచిన పేరు క్లే థాంప్సన్. రెండో గార్డ్ ఐజయా థామస్, వాషింగ్టన్ యూనివర్సిటీ, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 60వ స్థానం, అంటే ఆ రాత్రి పిలిచిన చిట్టచివరి పేరు. ఫ్రెడెట్ ఎన్‌బీఏ కెరీర్ సగటు చివరికి 6 పాయింట్ల దగ్గర ఆగింది. థామస్ రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు, 2016-17లో బోస్టన్ తరఫున అతని సగటు 28.9. అవును, ఫ్రెడెట్ కాలేజీలో కొట్టిన అంకే.

ఫ్రెడెట్ షూటింగ్ ఎక్కడికీ పోలేదు. ఎన్‌బీఏలో కూడా త్రీలు 37 శాతం వేశాడు. పోయింది ఆ షాట్ వేయడానికి కావలసిన జాగా. కాలేజీలో ఒక్క డ్రిబుల్‌తో వెనక్కి జరిగితే దొరికే జాగా, చేతులు పొడవైన, కాళ్లు చురుకైన గార్డుల ముందు దొరకలేదు. డిఫెన్స్‌లో అతను ఎవర్ని కాయాలో కూడా తేలలేదు. థామస్‌కి ఎత్తు లేకపోయినా మొదటి అడుగు వేగం ఉంది, పెద్దవాళ్ల పొట్టలోకి దూసుకెళ్లి ఫౌల్ తెచ్చుకునే మొండితనం ఉంది. డిఫెన్స్‌లో మాత్రం అతనికీ చివరిదాకా ఇబ్బందే. థామస్ ఒకడున్నాడు కదా అని ప్రతి పొట్టి గార్డూ థామస్ అయిపోడు, ఏజెంట్లు మాత్రం ఏటా అదే పోలిక తెస్తారు.

ఇక మీ కుర్రాడి 4.8 అసిస్టులు, 3.3 టర్నోవర్లు. నాకు ముందుగా కంట్లో పడింది ఇదే. జేలెన్ బ్రన్సన్ విలనోవాలో మూడో ఏడు, 2018లో, ఆటకు 18.9 పాయింట్లు కొట్టాడు, మీవాడికంటే కాస్త తక్కువే. అసిస్టులు 4.6. టర్నోవర్లు 1.8. తేడా అక్కడుంది. పైగా ఆ ఏడాది జట్టు ఛాంపియన్, అతను దేశంలో ఉత్తమ ఆటగాడు. అంత చేసినా డ్రాఫ్ట్‌లో 33వ స్థానానికి జారిపోయాడు. అదే జట్టులోంచి మైకల్ బ్రిడ్జెస్, డాంటే డివిన్‌చెంజో, ఒమారీ స్పెల్‌మన్ ముగ్గురినీ అతనికంటే ముందే తీసుకున్నారు. పొట్టి, వేగం లేదు, ఎగరడు అన్నారు. ఇప్పుడతను న్యూయార్క్ నిక్స్ నాయకుడు. ఎన్‌బీఏ వాళ్లకు గార్డుల విషయంలో అన్నీ తెలుసని చెప్పడానికి ఈ కథ చెప్పట్లేదు. అంత శుభ్రమైన రికార్డున్న ఆరడుగుల రెండంగుళాలవాడినే 33 దాకా ఆపారంటే, చిన్న కాన్ఫరెన్స్‌లో 3.3 టర్నోవర్లు చేసేవాడికి ఎంత ఎదురీత ఉంటుందో ఊహించండి.

అయితే టర్నోవర్ల అంకెను చూసి పెదవి విరిచేయకండి. ఆ టర్నోవర్లు ఎలాంటివో చూడాలి. ట్రే యంగ్ 2017-18లో ఓక్లహోమాకి ఆడుతూ ఆటకు 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులతో రెండింట్లోనూ దేశంలో మొదటివాడయ్యాడు, ఆటకు ఐదు పైచిలుకు టర్నోవర్లు కూడా చేశాడు. వాటిలో చాలా వరకు అతను చూసిన దారిని తోటివాళ్లు చూడకపోవడం వల్ల వచ్చినవి, లేదా ఇద్దరు ముగ్గురు మీదపడితే వచ్చినవి. అలాంటివి నేను క్షమిస్తాను. డ్రిబుల్ చేస్తూ చేస్తూ సైడ్‌లైన్ దగ్గర మూలకి చిక్కుకుని వదిలేసేవి, గాల్లోకి ఎగిరి అప్పుడు ఎవరికి ఇవ్వాలా అని వెతికేవి క్షమించను. మొదటిరకం తప్పులు తోటివాళ్లు మారితే తగ్గుతాయి. రెండోరకం డిఫెన్స్ బలపడేకొద్దీ పెరుగుతాయి.

కర్రీ సంగతికి వద్దాం, మీ రూమ్మేట్లు ఊరుకునేలా లేరు. డేవిడ్సన్ చిన్న కాలేజీయే. కానీ అతను సెకండియర్‌లో, 2008 మార్చిలో, గొంజాగా మీద 40 పాయింట్లు కొట్టి జట్టును చివరి ఎనిమిది దాకా లాక్కెళ్లాడు. ఆ ఏడాది ఛాంపియన్ కాన్సాస్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడారు. పెద్ద జట్ల మీద, అందరూ చూస్తుండగా చేశాడు. ఆ తర్వాత కూడా వెంటనే వెళ్లలేదు. మూడో ఏడు ఉండి, పాయింట్ గార్డ్ పని నేర్చుకుని, 2009లో 7వ స్థానంలో వెళ్లాడు.

నాకు ఆ 40 పాయింట్ల ఆట కంటే అతను ఒక్క పాయింటు కూడా కొట్టని ఆట ఎక్కువ ఇష్టం. 2008 నవంబర్‌లో మేరీలాండ్‌కి చెందిన లొయోలా జట్టు కోచ్, ఏం జరిగినా సరే కర్రీని కొట్టనివ్వకూడదని, ఆట మొత్తం ఇద్దరిని అతనికి కాపలా పెట్టాడు. కర్రీ ఏం చేశాడంటే, వెళ్లి కార్నర్‌లో నిలబడిపోయాడు. ఇద్దరు అతని దగ్గర ఇరుక్కుపోయారు, మిగతా చోట డేవిడ్సన్ నలుగురు లొయోలా ముగ్గురి మీద ఆడుకున్నారు. కర్రీ సున్నా. డేవిడ్సన్ 78-48తో గెలిచింది. వీడియో గదిలో ఉన్నప్పుడు మా దగ్గర చేరిన ప్రతి కొత్త గార్డుకీ ఈ కథ చెప్పేవాణ్ని. సగం మంది నవ్వేవాళ్లు. మిగతా సగం "కోచ్, నేనైతే బంతి అడిగేవాణ్ని" అనేవాళ్లు. ఎవరు ఏమన్నారో నేను గుర్తుపెట్టుకునేవాణ్ని.

మీ కుర్రాడికి బాగా కలిసొచ్చే అంకె ఒకటుంది, దాన్ని మీరు చివర్లో రాశారు. ఫ్రీ త్రో 86 శాతం. కాలేజీ త్రీ పాయింట్ శాతం కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. కాలేజీలో ఒక సీజన్ అంటే ముప్పై చిల్లర ఆటలు, నూటయాభై రెండొందల త్రీలు. అంత తక్కువ షాట్లలో అదృష్టం 5 శాతం అటూ ఇటూ లాగేస్తుంది. ఫ్రీ త్రోలో ఎదురుగా ఎవరూ ఉండరు, దూరం మారదు, ఉన్నదంతా చేయే.

ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. టైరీస్ మాక్సీ కెంటకీలో ఒక్క ఏడాది ఆడి త్రీలు 29 శాతమే వేశాడు, ఫ్రీ త్రోలు 83 శాతం. షూటర్ కాదన్నారు, 2020లో 21వ స్థానానికి వచ్చాడు. ఫిలడెల్ఫియాలో అతను మంచి షూటర్ అయ్యాడు. మరుసటి ఏడాది బేలర్ నుంచి డేవియన్ మిచెల్ వచ్చాడు. ఆ సీజన్ త్రీలు 44 శాతం పైన, ఫ్రీ త్రోలు 64 శాతం. 9వ స్థానంలో తీసుకున్నారు. ఎన్‌బీఏ మొదటి ఏడాది అతని త్రీలు 32 శాతం కూడా రాలేదు. ఫ్రీ త్రో ముందే చెప్పింది, వినలేదు.

మిచెల్ అయినా లీగ్‌లో నిలదొక్కుకున్నాడు. ఎందుకు? ఎదుటి గార్డుకు ఊపిరాడకుండా చేసే డిఫెన్స్ అతని సొత్తు. కాలేజీలో అతను దేశంలో ఉత్తమ డిఫెండర్. షాట్ పోయినా పని మిగిలింది. నేను పైన వేసిన ప్రశ్నకి అతని దగ్గర జవాబుంది.

గీత దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. పురుషుల కాలేజీ ఆటలో త్రీ పాయింట్ గీత 22 అడుగుల ఒకటి ముప్పావు అంగుళాల దగ్గర. ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, కార్నర్‌లో 22. అంటే మీవాడు ఎక్కువగా వేసే చోట, పైభాగంలో, అడుగున్నర మించి వెనక్కి జరగాలి. అతని త్రీలలో ఎన్ని గీతను ఆనుకుని వేసినవి, ఎన్ని ఒకటి రెండు అడుగులు వెనకనుంచి వేసినవి అన్నది వీడియో చూస్తే గంటలో తేలిపోతుంది. దానికంటే ముఖ్యం, ఎన్ని డ్రిబుల్ చేసి వేసినవి, ఎన్ని పాస్ అందుకుని వెంటనే వేసినవి. అంతా డ్రిబుల్ మీదే అయితే 38 శాతం చాలా గొప్ప విషయం. కానీ ఎన్‌బీఏలో అతనికి దొరకబోయేవి రెండోరకం షాట్లు.

ఆటకు గంటన్నర ముందే వెళ్లి వార్మప్ చూడటం నాకు అలవాటు. పడిన షాట్లు లెక్కపెట్టను, పోయిన షాట్లు ఎటు పోయాయో చూస్తాను. ముందుకో వెనక్కో పోతే కాళ్లు అలిసిపోయాయని, దూరం సర్దుకోవాలని. కుడికీ ఎడమకీ పోతుంటే చేతిలోనే ఏదో తేడా ఉందని. అది బాగుచేయడం కష్టం.

ఎత్తు విషయం తొందరగా ముగిస్తాను. కాలేజీ జాబితాలో 6 అడుగుల 2 అంగుళాలు అంటే బూట్లు విప్పితే 6 అడుగుల సగం అంగుళం అనుకోవడం మంచిది. షికాగోలో, డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో బూట్లు లేకుండానే కొలుస్తారు. అక్కడ తేలేది ఇంకొకటుంది, చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత అని. డోనవన్ మిచెల్ లూయీవిల్ నుంచి సెకండియర్ తర్వాతే వెళ్లాడు, బూట్లు లేకుండా 6 అడుగుల ఒక అంగుళం పైన కొంచెం. చేతుల కొలత 6 అడుగుల 10 అంగుళాలు. ఆటకు రెండు స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి లాక్కున్న బంతులు) పైనే. అలాంటివాడికి ఎత్తు తక్కువన్న మాట సగమే నిజం. మీవాడి స్టీల్స్ ఎన్నో మీరు రాయలేదు, దయచేసి చూసి చెప్పండి. స్టీల్స్ ఎక్కువున్న కాలేజీ గార్డులు తర్వాత బాగా ఆడటం నేను చాలాసార్లు చూశాను. చేతులు, కాళ్లు, అంచనా మూడూ కలిస్తేనే అది వస్తుంది.

డిఫెన్స్‌లో పొట్టి గార్డుకి ఎన్‌బీఏలో జరిగేది ఏమిటంటే, వెతుక్కుని మరీ వేటాడతారు. అతను ఎవర్ని కాస్తున్నాడో వాణ్నే స్క్రీన్ పెట్టడానికి (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటానికి) పిలుస్తారు. డిఫెండర్లు కాపలా మార్చుకోగానే (స్విచ్) 6 అడుగుల 8 అంగుళాలవాడు ఇతని ముందుంటాడు. ప్లేఆఫ్స్‌లో ఇదే పని పొద్దస్తమానం. కాలేజీలో జోన్ వేసి (మనిషిని కాకుండా చోటుని కాసి) ఇలాంటివాణ్ని దాచొచ్చు. ఎన్‌బీఏలో డిఫెన్సివ్ త్రీ సెకన్స్ నియమం ఉంది, పెద్దవాణ్ని బుట్ట కింద ఊరికే నిలబెట్టి ఉంచడం కుదరదు, దాచుకునే చోటు తక్కువ. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ దీన్ని తట్టుకున్నాడు. విచిటా స్టేట్‌లో నాలుగేళ్లు, 2016లో డ్రాఫ్ట్‌లో అసలెవరూ తీసుకోలేదు, 6 అడుగుల ఒక అంగుళం. ఛాతీ, తొడలు రాయిలా ఉంటాయి, బుట్ట దగ్గర పెద్దవాడు తోసినా జరగడు, కిందనుంచి బంతి లాగేస్తాడు. 2019లో టొరంటోతో ఛాంపియన్, 2022లో ఆల్‌స్టార్. మీ కుర్రాడు సన్నగా ఉన్నాడని మీరు రాశారు. ఇరవై ఏళ్లకి సన్నగా ఉండటం తప్పు కాదు, కానీ ఢీకొట్టాక లేచి మళ్లీ అదే చోటికి వెళ్తున్నాడా, లేక రెండోసారి బయటే ఆగిపోతున్నాడా అన్నది చూడాల్సిన విషయం.

"ఈ కాన్ఫరెన్స్‌లో ఎవడైనా కొడతాడు" అన్న మాటకి వస్తే, అది అన్యాయం. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్న సామెత కొందరికి వర్తిస్తుంది, అందరికీ కాదు. డేమియన్ లిల్లర్డ్ వీబర్ స్టేట్ నుంచి 2012లో 6వ స్థానంలో వెళ్లాడు, సీజే మెకాలమ్ లీహై నుంచి 2013లో 10వ స్థానంలో, జా మొరాంట్ ముర్రే స్టేట్ నుంచి 2019లో 2వ స్థానంలో. ఆటగాళ్లను వెతికే స్కౌట్లకి చిన్న ఊళ్లకి దారి తెలుసు. చిన్న కాలేజీ గార్డుని కొలవాలంటే నవంబర్, డిసెంబర్ ఆటలు తీయండి. ఆ నెలల్లో పెద్ద యూనివర్సిటీలు డబ్బిచ్చి చిన్న జట్లను తమ కోర్టుకి పిలిపించుకుంటాయి. చిన్నవాళ్లు ఓడిపోతారు, చెక్కు తీసుకుని బస్సెక్కుతారు. ఆ నాలుగైదు ఆటల్లో మీవాడు ఏం చేశాడు? పాయింట్లు తగ్గడం మామూలే. టర్నోవర్లు రెట్టింపయ్యాయా, బుట్ట దగ్గర షాట్లు అడ్డుకున్నారా, ఫౌల్ లైన్ దగ్గరికి వెళ్లగలిగాడా? జనవరి, ఫిబ్రవరిలో కొట్టే 30 పాయింట్ల ఆటలు పదింటికంటే ఆ నాలుగు ఆటలు నాకు ఎక్కువ.

ఇప్పుడు నా తప్పులు. ఏడెనిమిదేళ్ల కిందట ఒక గార్డ్ మీద పేజీలకు పేజీలు రాశాను. ఆటకు 24 పాయింట్లు, అందమైన స్టెప్‌బ్యాక్ (వెనక్కి జరిగి వేసే షాట్), జనం లేచి నిలబడేవాళ్లు. నేనూ లేచాననుకోండి. మొదటి రౌండ్ అని రాశాను. డ్రాఫ్ట్‌కి ముందు ఒక జట్టు వర్కౌట్‌లో ముగ్గురి మీద ముగ్గురు ఆడించారు. బంతి ఇతని చేతికి రాని ప్రతిసారీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న ఒక పెద్దాయన నా వైపు చూసి "ఇది నీ రిపోర్టులో లేదే" అన్నాడు. నిజమే, లేదు. నేను చూసిన క్లిప్పులన్నీ బంతితో ఉన్నవే. ఆ కుర్రాణ్ని ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు యూరప్‌లో ఒక దేశం రెండో డివిజన్‌లో ఆడుతున్నాడు, బాగానే ఉన్నాడు.

రెండోది దానికి తిరగేసిన కథ. ఆరడుగులకు మించని సీనియర్ ఒకడు, ఆటకు 11 పాయింట్లు. రెండు ఆటలు చూసి నాలుగు లైన్లలో కొట్టిపారేశాను. తర్వాత నాలుగేళ్లు ఎన్‌బీఏ బెంచీల మీద ఉన్నాడు, ఆడమన్నప్పుడు ఆడాడు. పాత వీడియో మళ్లీ తీసి ఈసారి శబ్దం పెట్టి చూశాను. డిఫెన్స్ మొత్తాన్ని అతనే మాటలతో నడుపుతున్నాడు: స్క్రీన్ ఎటునుంచి వస్తోందో వెనకవాడికి ముందే అరిచి చెప్తున్నాడు. నేను మొదటిసారి శబ్దం ఆపేసి చూశాను, క్లిప్పులు త్వరగా అవ్వాలని. అప్పటినుంచి ప్రతి గార్డునీ కనీసం రెండు ఆటలు బంతి లేనప్పుడు మాత్రమే చూస్తాను, వీలైతే బెంచ్ వెనక కూర్చుని.

డబ్బు సంగతి కూడా అడిగారు. ఎన్‌బీఏలో మొదటి రౌండ్‌లో వెళ్తే మొదటి రెండేళ్ల జీతం గ్యారంటీ. రెండో రౌండ్‌లో అలాంటి హామీ లేదు, బేరం మీద ఆధారపడుతుంది. ఆ తర్వాతది టూ-వే కాంట్రాక్టు (ఎన్‌బీఏ జట్టుకీ, దాని కింది స్థాయి జీ లీగ్ జట్టుకీ ఆడేది), జట్టుకి మూడు, జీతం రూకీ కనీస జీతంలో సగం, 50 ఆటలకు మించి ఎన్‌బీఏ జట్టుతో ఆడనివ్వరు. దానికింద మామూలు జీ లీగ్ కాంట్రాక్టు, సీజన్‌కి 40 వేల డాలర్ల పైచిలుకు. ఆ జీతంతో అమెరికాలో ఎలా బతకాలో మీలాంటి ఎంఎస్ విద్యార్థికి నేను చెప్పక్కర్లేదు.

అందుకే విదేశాల గురించి చులకనగా మాట్లాడకండి. మైక్ జేమ్స్ అని ఒకడున్నాడు, లమార్ యూనివర్సిటీ, 6 అడుగుల ఒక అంగుళం, 2012లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. యూరప్ పెద్ద లీగ్ యూరోలీగ్ చరిత్రలో అత్యధిక పాయింట్ల రికార్డు అందుకున్నాడు, 2024లో మొనాకో తరఫున లీగ్ ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ). షేన్ లార్కిన్ 2013లో మొదటి రౌండ్‌లో వెళ్లి ఎన్‌బీఏలో స్థిరపడలేకపోయాడు, ఇస్తాంబుల్ వెళ్లి అనడోలు ఎఫెస్‌తో 2021, 2022 రెండుసార్లు యూరోలీగ్ గెలిచాడు. పైన చెప్పిన ఫ్రెడెట్ షాంఘైలో ఆరాధ్యుడయ్యాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా త్రీ-ఆన్-త్రీ జట్టుకి ఆడాడు. మీ కుర్రాడి ఆట, అంకెల్లో కనిపించినంత వరకు, ఈ దారికి చక్కగా సరిపోతుంది. అక్కడ బంతి అతని చేతికే ఇస్తారు.

మరి ఇప్పుడేం చేయాలి? పేరు ఇవ్వొచ్చు. కాలేజీలో అర్హత మిగిలి ఉన్నవాళ్లు డ్రాఫ్ట్‌కి పేరు ఇచ్చి, జట్ల అభిప్రాయం తెలుసుకుని, గడువులోగా వెనక్కి తీసుకుని మళ్లీ కాలేజీలో ఆడుకోవచ్చు. ఏజెంట్‌ని పెట్టుకుంటే మాత్రం కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ గుర్తింపు ఉన్నవాడా కాదా చూసుకోవాలి, ఇక్కడ తప్పటడుగు వేస్తే అర్హతే పోతుంది. జట్ల నుంచి వచ్చే మాటలు చేదుగా ఉంటాయి, అవే కావాలి.

ఆ తర్వాత నా సలహా, మీ యూనివర్సిటీ అభిమానులకు నచ్చదు: పెద్ద కాన్ఫరెన్స్‌కి ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025-26 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. 2021లో ముందస్తుగా డ్రాఫ్ట్‌కి పేర్లు ఇచ్చినవాళ్లు 350 మందికి పైనే, 2025కి అది నూటికి కాస్త పైకి పడిపోయింది. మంచి గార్డుకి జీ లీగ్ కంటే కాలేజీలోనే ఎక్కువ గిట్టుతుంది. డబ్బు ఒక్కటే కారణం కాదు. పెద్ద జట్టులో అతనికి 19 పాయింట్లు రావు, 12 వస్తాయి. బంతి ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఎదుటివాళ్ల మంచి గార్డుని అతనే కాయాలి. ఆ 12 పాయింట్ల ఏడాది ఎలా ఆడతాడన్నదే అతని అసలు పరీక్ష. అందులో టర్నోవర్లు రెండుకి దిగి, త్రీలు 38 దగ్గరే ఉంటే నేను నా పదిలో ఒకటిని పదిలో మూడు చేస్తాను. బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చే ప్రమాదమూ ఉంది, అది కాదనను. డెవిన్ బుకర్ కెంటకీలో ఆడిన ఆటలన్నీ బెంచ్ మీదనుంచి లేచి ఆడినవే అని అతనికి ఎవరైనా చెప్తే బావుంటుంది.

మీరు వచ్చే హోమ్ గేమ్‌కి వెళ్తానన్నారు కదా, ఒక పని చేయండి. మొదటి పది నిమిషాలు బంతి వైపు అస్సలు చూడకండి, అతన్నే చూడండి. పాస్ ఇచ్చేశాక కదులుతున్నాడా, ఆగిపోతున్నాడా. స్క్రీన్ తగిలినప్పుడు పైనుంచి దూరుతున్నాడా, కిందనుంచి తిరిగి వస్తున్నాడా, అక్కడే అతుక్కుపోతున్నాడా. తోటివాడు షాట్ మిస్ చేస్తే ముఖం ఎలా పెడుతున్నాడు. ఎడమ చేత్తో ఎన్నిసార్లు వెళ్లాడు. ఫోన్‌లో నోట్ రాసుకుని, స్టీల్స్ లెక్క, ఆ డిసెంబర్ ఆటల లెక్క కలిపి ఇక్కడ పెట్టండి. అప్పుడు నేను చెప్పిన పదిలో ఒకటి పైకి జరపాలో కిందికి జరపాలో చెప్తాను.